మూత మీద వెంట్రుక

"ప్రమాణం చెయ్యమన్నావుగా, చేస్తాను. కానీ ఖురాను మీద చెయ్యి పెట్టినాక నా మొహంలోకి చూసి మాట్లాడే దమ్ము నీకుండాలి కౌసరూ" అంది జోహరాబీ.

అప్పుడే మొహం, కాళ్లూ చేతులూ కడుక్కుని ఒజూ చేసుకుని వచ్చింది. మోచేతుల నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. తలమీద కొంగు సర్దుకుని, గూట్లో పచ్చగుడ్డ చుట్టి పెట్టిన ఖురాను వైపు నడిచింది.

కౌసర్ గుమ్మంలోనే నిలబడిపోయింది. చంకలో రెండేళ్ల ఆయేషా. అత్తగారిని ప్రమాణం చెయ్యమన్న మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకునే దారి కనబడలేదు.

"ఆపమ్మా" అన్నాడు అయూబ్ మంచం మీద నుంచి. ముక్కు దిబ్బడేసి మాట ముద్దగా వచ్చింది. ముక్కు రెండువైపులా ఎర్రగా వాచి ఉంది. పక్కన స్టూలు మీద డాక్టరు ఇప్పించిన గాలి మిషను, గాలికి తడి పట్టించే మూత నీళ్లడబ్బాతో సహా. దాని గొట్టం చివర ముక్కుకి తొడుక్కునే రబ్బరు మాస్కు. రాత్రి కూడా గంటన్నరకే దాన్ని పీకి అవతల పెట్టాడు.

వరసగా ఇది పదో రాత్రి.

"ఆపటం ఏందిరా. నీ పెళ్లాం మాట విన్నావుగా. ఆ నీళ్లడబ్బాలో నేను ఏదో కలుపుతున్నానంట. కన్నకొడుక్కి ఊపిరాడకుండా చేస్తున్నానంట."

"అట్టా అన్లేదు అత్తా. మూత ఎవరు తీస్తున్నారని అడిగా."

"ఇంట్లో పెద్దోళ్లం ముగ్గురం. వాడు తీయడు, నువ్వు తీయవు. ఇంకెవరు తీసేది, గోడమీద బల్లా?"

బల్లి అనగానే ఆయేషా గోడంతా వెతికి చూసింది.

మిషను వచ్చిన మొదటి వారం బాగానే నడిచింది. అయూబ్ గురక ఆగింది. నిద్రలో ఊపిరి ఆగిపోయి, గుటక మింగినట్టు శబ్దం చేసి ఉలిక్కిపడి లేవటం ఆగింది. పెళ్లయిన నాలుగేళ్లలో కౌసర్ ఒళ్లెరగకుండా నిద్రపోయింది ఆ వారమే. ఆ తర్వాత ఏమైందో, మాస్కు పెట్టుకున్న కాసేపటికల్లా ముక్కులో మంట. మంట తర్వాత దిబ్బడ. నోరు తెరిస్తే గాలంతా నోట్లోంచి బయటికి పోయేది. నోరు మూస్తే ఊపిరాడేది కాదు.

మిషను రాకముందు, దాచేపల్లి నుంచి సిమెంటు తెస్తూ స్టీరింగు మీదే నిద్రపోయి లారీని పత్తిచేలోకి దింపిన రోజు, దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. లారీ ఓనరు జక్రయ్య గారు తిట్టలేదు కూడా. "జబ్బు అదుపులో ఉందని డాక్టరు చేత కాగితం రాయించుకురా అయూబూ. నాలుగో సోమవారం దాకా తాళం నా జేబులోనే ఉంటుంది. తర్వాత మాత్రం ఇంకొకడిని ఎక్కిస్తా" అన్నాడు. డాక్టరేమో కాగితం రాసేముందు మిషను మీద గంటలు చూస్తానన్నాడు. రాత్రికి నాలుగు గంటలన్నా తొడుక్కున్నట్టు కనబడాలి.

ఆ సోమవారం ఈ వచ్చేదే. ఇవాళ గురువారం.

"నాకు ఈ మిషను ఇష్టం లేదు. ఆ మాట మొదటి రోజే మొహం మీద చెప్పా" అంది జోహరాబీ. "మీ నాన్న ముప్పై ఏళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని దూది ఏకాడు. ఆఖర్న ఆసుపత్రిలో ఆయన ముక్కుకి ఇట్టాంటిదే తగిలించారు. తగిలించిన మనిషిని మళ్లీ ఇంటికి తెచ్చుకోలా నేను. దాన్ని చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. కానీ చాటున చేసే రకాన్ని కాదు."

"మరి మొన్న మంచం దగ్గర మీకేం పని అత్తా? నేను రాగానే చెయ్యి కొంగులో పెట్టుకున్నారు."

జోహరాబీ కొడుకు వైపు చూసి, మళ్లీ కోడలి వైపు చూసింది.

"దిష్టి తీశా. ఏడు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేశా. తల్లి దిష్టి తీయటం తప్పయితే అదీ రాసుకో."

ఆమె ఖురాను దించి దాని మీద కుడిచెయ్యి పెట్టింది. "ఈ నీళ్లడబ్బా మూత నేను తీయలేదు. అందులో ఏమీ కలపలేదు" అంది. రెండే మాటలు. ఖురానును మళ్లీ గూట్లో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. పొయ్యిమీద తన కోసం కాచుకున్న టీని గిన్నెలు కడిగే జాలాట్లో పారబోసిన చప్పుడు వినబడింది.

అయూబ్ భార్య వైపు చూడలేదు.

కౌసర్ పిల్లని దించి మిషను దగ్గరికి వెళ్లింది. నిన్న సాయంత్రం నీళ్లు పోశాక ఎవరికీ తెలియకుండా తన తలవెంట్రుక ఒకటి పీకి, ఉమ్మితో తడి చేసి, మూతకీ డబ్బాకీ అడ్డంగా అంటించింది. మూత తీస్తే వెంట్రుక ఊడాలి.

వెంట్రుక అంటించింది అంటించినట్టే ఉంది.

ప్రమాణానికి ముందే ఎందుకు చూడలేదు తను? వేలితో వెంట్రుకని తుడిచేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

* * *

ఆదెమ్మ ఇంటి వసారాలో అప్పటికే ఏడెనిమిది మంది ఆడవాళ్లు మిరపకాయలకి తొడిమలు తీస్తున్నారు. గుంటూరుకి వెళ్లాల్సిన సరుకు. ఎర్రటి కుప్ప నడుముల దాకా ఉంది. ఇంట్లో మిరపకాయల కుప్ప ఉండకూడదని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి కౌసర్ ఇంటికి బస్తా తెచ్చుకోవటం మానేసింది. మిషను వచ్చిన మొదటి వారం ఈ పనికే పోలేదు. పదిరోజుల నుంచి ఇక్కడికే వచ్చి తీస్తోంది. ఇంటికి పోయేముందు చీర దులుపుకుని, వాకిట్లోనే కాళ్లు కడుక్కునే వెళ్తుంది.

"రా పిల్లా. మీ దొర లేచాడా?" అంది ఆదెమ్మ. "ఊరందరికీ గాలి దేవుడిస్తే సరిపోయింది. మీ ఆయనకి మాత్రం మిషను పంపించాలంట."

అందరూ నవ్వారు. కౌసర్ కూడా నవ్వబోయింది. మొహం సహకరించలేదు.

ఆదెమ్మ అది గమనించింది. కాసేపటికి తన చేట కౌసర్ పక్కకి జరుపుకుంది.

"మళ్లీ పీకేశాడా?"

"ఊఁ. మంటంట అక్కా. మిరప బస్తా ఇంట్లోకే రానివ్వటం లేదు. అత్త మీద పెట్టాను. పెద్దమనిషి చేత ప్రమాణం చేయించా."

"నీకు బుద్ధి లేదు" అంది ఆదెమ్మ, తిట్టినట్టు కాకుండా. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కమాట చెప్తా, తప్పుగా అనుకోమాక. మా ఆయన ఆదెయ్య పత్తిబోరాల లారీ మీంచి పడ్డాడు చూడు. కాలు రెండు నెలలకే అతుక్కుంది. ఏడాదిదాకా నొప్పి నొప్పి అన్నాడు. నేను వాడని నూనె లేదు. చివరికి తెలిసిందేంటంటే, నొప్పి కాలికి కాదు. మళ్లీ లారీ ఎక్కాలంటే భయం."

కౌసర్ చేతులు ఆగలేదు. వేళ్లు వాటంతటవే తొడిమలు తుంచుతున్నాయి. ఏడో తరగతి మధ్యలో మాన్పించి తొడిమలకి తీసుకొచ్చిన మొదటి వారం ఈ చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండాయి. రాత్రిళ్లు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. తర్వాత ఎప్పుడో మంట తెలియటం మానేసింది. ఎప్పుడు మానిందో కూడా గుర్తులేదు.

"భయమంటావా?"

"నాకేం తెలుసు. కాగితం వస్తే బండెక్కాలి. కాగితం రాకపోతే ఎక్కక్కర్లేదు. మగాడు భయమని నోరు తెరిచి చెప్తాడా."

కౌసర్ అప్పటిదాకా ఆ వైపు ఆలోచించలేదు. ఇక ఆ తర్వాత ఇంకోటి ఆలోచించలేకపోయింది.

* * *

పదకొండింటికి ఇల్లు చేరేసరికి ఆయేషా ఏడుస్తూ ఎదురొచ్చింది. కౌసర్ వెంటనే ఎత్తుకోలేదు. ముందు కొబ్బరినూనె వేళ్లసందుల దాకా పట్టించి, సున్నిపిండితో రుద్ది కడుక్కుంది. పిల్ల నెలల బిడ్డప్పుడు ఒకసారి నూనె రాయకుండా ముట్టుకుంటే కళ్లు వాచాయి. అప్పట్నుంచి ఆ అలవాటు ఒక్కరోజు తప్పలేదు.

అసలు పిల్లకంటే ముందు మాస్కు కడగాల్సింది. ఆరాలి కదా.

రోజూ అంతే చేస్తోంది. వచ్చీరాగానే మాస్కు కడిగి నీడలో ఆరేసి, ఆ తర్వాతే నూనె రాసుకుని పిల్లని ఎత్తుకుంటుంది. ఇవాళ పిల్ల ఎదురు రావటంతో వరస మారింది. చేతుల నిండా నూనె. మిషను బిగించిన కంపెనీ మనిషి మార్కు తన చేత్తో రాసిచ్చిన కాగితం గోడకి అంటించి ఉంది. 'మాస్కుకు నూనె తగలరాదు. సెంటు, ఘాటైన సబ్బు వాడరాదు. గోరువెచ్చని నీటితో రోజూ కడగాలి.' చదువు ఆగిపోయిన మనిషి కాబట్టి, అర్థమైన ప్రతి అక్షరాన్నీ ఆమె గట్టిగా పట్టుకుంటుంది. నూనె చేత్తో దాన్ని ముట్టుకోలేదు. మాస్కు ఇవాళ కడక్కుండానే ఉండిపోయింది.

భోజనమయ్యాక అయూబ్ మంచం మీద కూర్చున్నాడు. పగలు మెలకువగా ఉన్నప్పుడు ఒక గంట తొడుక్కుని అలవాటు చేసుకోమని డాక్టరు చెప్పాడు.

"పెట్టుకోండి" అంది కౌసర్.

"కాసేపాగు. ముక్కులో చుక్కలు వేసుకుంటా."

"పొద్దుట్నుంచి ఆరుసార్లు వేశారు."

"లెక్క రాస్తున్నావా?"

"రాయకపోతే డాక్టరు అడిగితే ఏం చెప్పాలి?"

అతను మాస్కు తొడుక్కున్నాడు. పట్టీ తల వెనక బిగించాడు. మిషను సన్నగా మొదలైంది. కౌసర్ ఎదురుగా కూర్చుని అతని మొహాన్నే చూసింది. మొహాన్ని కాదు, మొహంలో ఏదైనా అబద్ధముందేమోనని చూసింది.

పావుగంట కూడా కాలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్కు పీకేశాడు.

"నావల్ల కాదు."

"మొదటి వారం ఎట్టా అయింది?"

"అప్పుడు మండలా."

"ఇప్పుడెందుకు మండుతోంది? అదే మిషను, అదే ముక్కు."

"నన్నడుగుతావేంది? పొద్దున అమ్మనడిగావు, ఇప్పుడు నన్నా?"

కౌసర్ ఊరుకుని ఉంటే బాగుండేది.

"మీకు లారీ ఎక్కాలని ఉందా?"

అయూబ్ చేతిలో మాస్కు అలాగే ఉండిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"ఏమన్నావు?"

"భయమైతే భయమని చెప్పండి. నేను ఎవరికీ చెప్పను. తొడిమలు తీసి బతుకుదాం. కానీ అబద్ధానికి పీకేసి మీ అమ్మ మీదకి నన్ను ఉసిగొల్పకండి."

"నేను ఉసిగొల్పానా? ఒక్క రోజన్నా అమ్మ పేరెత్తానా?"

ఎత్తలేదు. నిజమే. అందుకని ఆమెకి ఇంకా కోపం వచ్చింది.

"భయమే" అన్నాడు అయూబ్ చివరికి. గొంతు తగ్గిపోయింది. "పత్తిచేలోకి దిగినప్పుడు నాకు మెలకువే రాలేదు. ఆ చేలో కూలోళ్లు ఉండి ఉంటే నాకు తెలిసేది కూడా కాదు. భయం ఉంది. అందుకే ఈ మాస్కు కావాలి నాకు. నువ్వేమో తిరగేసి చూస్తున్నావు."

బయట మోటారుసైకిలు ఆగింది. ఇద్దరూ ఆ వైపు చూడకుండా కూర్చున్నారు.

* * *

మార్కు గుంటూరు నుంచి వస్తాడు. మిషను అమ్మినవాళ్ల తరఫున నెలకోసారి చూసి పోవటం అతని పని. మిషను మీద మీట నొక్కి గంటలు చూశాడు. పెదవి విరిచాడు.

"ఇట్టా అయితే డాక్టరు గారు కాగితం ఇవ్వరండీ. సోమవారానికి ఇంకా నాలుగు రాత్రులున్నాయి. ఈ నాలుగన్నా సరిగ్గా పడాలి."

"మంటండీ" అన్నాడు అయూబ్.

మార్కు చుక్కలమందు సీసా చేతిలోకి తీసుకున్నాడు. "మూడు రోజులు మించి ఇది వెయ్యకూడదు. తర్వాత ఇదే ముక్కు బిగించేస్తుంది. ఉప్పునీళ్లతో కడుక్కోండి, మరిగించి చల్లార్చిన నీళ్లు. మిషనులో నీటి వేడి ఒక మెట్టు పెంచుతా. కానీ మంట అన్నారే, అది వేరు."

గాలి ఎక్కడ కారుతోందో చూడటానికి మాస్కును తన ముక్కుకే ఆనించుకుని మిషను పెట్టాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. హఠాత్తుగా తుమ్మాడు. వరసగా నాలుగు తుమ్ములు. కళ్లు ఎర్రబడ్డాయి. జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. తుడిచేకొద్దీ మంట ఎక్కువైంది.

"ఇది మిరపకాయ" అన్నాడు. "రోజూ మిర్చియార్డు ముందు నుంచి పోయేవాణ్ణి, నాకు తెలీదా. మాస్కు నిండా మిరపకాయ ఘాటే."

అయూబ్ తల తిప్పి తల్లి వైపు చూశాడు. జోహరాబీ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏడు మిరపకాయలు అన్నావమ్మా."

"తల చుట్టూ తిప్పానురా. తగల్నివ్వలా."

"ఒక్కరోజేనా?"

జోహరాబీ కొంగు సర్దుకుంది.

"అమ్మా, ఒక్కరోజేనా?"

"రోజూ" అంది. "నువ్వు కళ్లు మూసుకున్నాక. ప్రమాణం నీళ్ల మీద చేశా. దిష్టి మీద చెయ్యలా."

కౌసర్‌కి ఆ క్షణం గుండె తేలికపడింది. తప్పు పట్టింది తప్పు కాలేదు. అత్తే. మొదట్నుంచీ అత్తే.

మార్కు మాస్కు అంచుని వెలుతురుకి పట్టి చూస్తున్నాడు. "తిప్పితే ఇంత ఎక్కదండీ. ఈ మడతలోపల చూడండి, చేత్తో రుద్ది రుద్ది పట్టించినట్టుంది. గోరువెచ్చని నీళ్లకి ఇంకా లోపలికి దిగుతుంది. నూనెకైతే వదిలేది. కానీ దీనికి నూనె పనికిరాదుగా."

కౌసర్ గోడమీద కాగితం వైపు చూసింది. అక్షరం వెనక అక్షరం కూడబలుక్కుని తను చదివిన కాగితం. మాస్కుకు నూనె తగలరాదు.

రోజూ వసారా నుంచి వచ్చీరాగానే, నూనె రాసుకోకముందే, ఆ మడతలోకి వేలు పెట్టి మురికి లేకుండా రుద్దింది ఎవరు? పిల్లని మండే చేతుల్తో ముట్టుకోకూడదని తెలిసిన మనిషి, మొగుడి ముక్కుకి పెట్టేదాన్ని ఆ చేతుల్తోనే కడిగింది. పదిరోజులు. తొడిమలు తీయటానికి వసారాకి పోవటం మొదలుపెట్టిన దగ్గర్నుంచి.

ఆమె రెండు చేతులూ కొంగు కిందకి పోయాయి.

"రుద్దావా అమ్మా?" అన్నాడు అయూబ్. "నాన్న చచ్చిపోయాడని, ఈ మిషను ఇంట్లోంచి పోవాలని రుద్దావా?"

జోహరాబీ కొడుకుని చూడలేదు. కోడల్ని చూసింది. చాలాసేపు చూసింది.

"ఒక రోజుకి ఒక ప్రమాణం చాలు" అంది. "రెండోది చెయ్యను."

"అయితే నాలుగు రోజులు తుళ్లూరు పో" అన్నాడు అయూబ్. "అల్లాబక్షు మావ దగ్గరుండు. సోమవారం గడిచాక రా. తప్పుగా అనుకోమాక. నాకు ఈ నాలుగు రాత్రులు కావాలి."

ఆమె తప్పుగా అనుకుందో లేదో తెలియలేదు. లోపలికి వెళ్లింది. పెట్టె మూత తీసిన చప్పుడు. రెండు చీరలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేదాకా ఇంట్లో ఎవరూ కదల్లేదు. ఆయేషా నానమ్మ వెనకాలే వచ్చి సంచి కొస పట్టుకుంది.

ఇప్పుడు చెప్పాలి, అనుకుంది కౌసర్. ఇప్పుడు చెప్తే పొద్దున ఖురాను మీద చెయ్యి పెట్టించిన నోటితోనే చెప్పాలి. లారీ ఎక్కటానికి భయమా అని మొగుణ్ణి అడిగిన నోటితోనే చెప్పాలి. ఒక్క రోజులో ఇద్దరిని దొంగల్ని చేసి, మూడో మాటగా నేనే అనాలి.

మార్కు సంచిలోంచి చిన్న కవరు తీసి చింపాడు. లోపల కొత్త రబ్బరు, గాజులా తేటగా ఉంది.

"నా దగ్గర ఇదొక్కటే ఉంది. ఇది కూడా పాడైతే హైదరాబాదు నుంచి రావాలి. సోమవారం లోపు రాదు. ఒక్క మనిషే ముట్టుకోవాలి దీన్ని. ఇంట్లో కడిగేదెవరు?"

"కౌసరే" అన్నాడు అయూబ్. "చంటిపిల్లకి స్నానం చేయించినట్టు కడుగుతుందండీ. దాని మీద నాకే అనుమానమూ లేదు."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న జోహరాబీ ఆగింది.

"అయితే ఇంకేం, తీసుకోమ్మా" అన్నాడు మార్కు. కొత్త రబ్బరుని అరచేతిలో పెట్టి ముందుకు చాపాడు.

కౌసర్ కదల్లేదు.

"తీసుకో కౌసరూ" అన్నాడు అయూబ్.

ఆమె కదల్లేదు.

"తీసుకో" అన్నాడు మళ్లీ. ఈసారి అతని చూపు ఆమె మొహం మీద లేదు. కొంగు కింద ముడుచుకున్న చేతుల మీద ఉంది.